జూలై ఒకటిన పుట్టిన ఇద్దరం

ఇది నేను రాస్తున్న ఎనిమిదో కాగితం. పింఛన్ల ఆఫీసుకు ముందు రాసిన ఏడింటికీ జవాబు లేదు. అవి అర్జీలు కాబట్టి ఎవరూ చదవలేదేమోనని, ఈసారి జరిగింది జరిగినట్టు రాసి అచ్చుకు ఇస్తున్నాను. అచ్చయినదాన్ని ఎవరో ఒకరు చదవకపోరు.

నేనూ నా భార్యా గిద్దలూరు తాలూకాలో ఒక పాలెంలో పుట్టాం. అక్కడి మిషన్ బడిలోనే చదివి, అందులోనే టీచర్లమయ్యాం. ఇద్దరం ఒకే రోజు ఒకటో తరగతిలో చేరాం. మేకల వెంట తిరిగి నేను ఆలస్యంగా చేరాను, ఆమె ఈడుకు చేరింది. అప్పటి పెద్ద అయ్యవారు నా పుట్టినరోజు అడిగితే మా నాయన, "జొన్నకోతలప్పుడు సామీ, వాన పడి కంకులు నల్లబడిన ఏడు" అన్నాడు. అయ్యవారు కలం ముంచి జూలై ఒకటి అని రాసుకున్నాడు. ఆయన పద్ధతి అది. ఒకటో తరగతిలో ఎవరు చేరినా జూలై ఒకటి, అందరికీ ఒకటే సంవత్సరం. అట్లా మూడేళ్లు చిన్నదైన నా భార్య కాగితాల మీద నా ఈడుది అయింది.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఉత్తర్వు వచ్చింది. మా బడుల్లో పనిచేసిన పాత ఏళ్లకు పింఛను లేదు. ఇష్టమున్నవాళ్లు ఆ ఏళ్లకు తమ చందా తామే కట్టుకుంటే అవీ సర్వీసులో కలుస్తాయి. మా ఇద్దరికీ తొమ్మిదేసి ఏళ్లు అట్లా పడి ఉన్నాయి. మిగతా సర్వీసు చాలదు కాబట్టి, అవి కలవకపోతే నాకు పింఛనే లేదు. నాలుగు మేకలు అమ్మి ఇద్దరికీ కట్టాను.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, ఒప్పుకుంటాను. తపాలా ఖర్చు కలిసొస్తుందని రెండు ఫారాలూ ఒకే కవరులో పెట్టాను. నా భార్యకు మంజూరు ఉత్తరం వచ్చింది. నా చందా మాత్రం మనియార్డరులో వెనక్కి వచ్చింది. సంగతులు రాసే చోట ఒక్క ముక్క కూడా లేదు.

మార్కాపురం ఆఫీసుకు పోయాను. గుమాస్తా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఇంటిపేరు ఒకటే, పేరులో మొదటక్షరం ఒకటే, బడి ఒకటే, పుట్టినరోజు ఒకటే. ఒక మనిషే రెండుసార్లు ఆశపడినాడని, రెండోదాన్ని నకలు కింద కొట్టేసినారు అయ్యవారూ."

"ఆ రెండోది నేను."

"మీరు లేరని ఎవరన్నారు? కూర్చోండి."

కూర్చోవడానికి బల్ల లేదు. అది నేను మరిచిపోలేదు.

"పుట్టినరోజు జూన్ ముప్పైకి మార్చుకోండి, సరిపోతాది" అన్నాడు. ఒప్పుకోలేదు. ఆ తేదీ నాది కాదని నాకూ తెలుసు. కానీ దాన్ని ఇచ్చినవాడు నాకు అక్షరాలు నేర్పినవాడు.

మరుసటి వారం నా భార్యను వెంటబెట్టుకుని పోయాను. "నన్ను చూస్తే నువ్వు నకలని గట్టిగా నమ్ముతారేమో చూసుకో" అని బస్సులో పొడుగునా నవ్వింది.

గుమాస్తా మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూశాడు. "ఇద్దరున్నారు. కండ్లారా చూసినా. కానీ ఫైలుకు కండ్లు లేవు గదమ్మా."

"నీ కండ్లు చూసింది దాంట్లో రాయి నాయనా" అంది నా భార్య.

"ఇద్దరు మనుషులు, స్వయంగా చూసితిని" అని రాసి సంతకం పెట్టాడు. పోయేటప్పుడు వేరుశనక్కాయలు పెట్టాడు, ఇద్దరికీ కలిపి ఒకే గుప్పెడు.

ఆ కాగితం కర్నూలు పోయింది. అంతలో రాజధాని హైదరాబాదుకు పోయింది. అంత పెద్ద రాజధాని క్షేమంగా చేరింది గానీ, నా కాగితం చేరలేదు.

ఆ ఏడు పంచాయతీ బంట్రోతు వృత్తిపన్నుకు వచ్చాడు. "మేమిద్దరం ఒకటేనంట, ఒక పన్ను తీసుకో" అన్నాను.

"అదేంది మామా, అట్ల కుదరదు. పన్నుకు మీరు ఇద్దరు" అని రెండు రసీదులు రాశాడు. జన్మలో మొదటిసారి పన్ను సంతోషంగా కట్టాను. ఒక రసీదు మీద నా పేరు ఒక్కటే ఉంది.

పోయిన ఏడాది ఇద్దరం ఒకే రోజు రిటైరయ్యాం. అదీ జూలై ఒకటి పుణ్యమే. బడివాళ్లు ఇద్దరికీ కలిపి ఒకటే దండ తెచ్చారు, దాన్ని ఆమె మెడలో వేశారు. పంచాయతీవాళ్లు మాత్రం పద్ధతైన మనుషులు. జీతం లేనివాళ్లకు వృత్తిపన్ను లేదని రెండు వేరువేరు చీటీలు పంపారు. నా భార్య ప్రతి నెలా పింఛను తెచ్చుకుని, "ఏమయ్యా నకలు, నీకేం కావాల" అంటుంది. పొగాకు అడిగి తీసుకుంటున్నాను. ఎన్నాళ్లు అడగాలి?

పింఛన్ల ఆఫీసు అయ్యలారా, నా పేరున్న పన్ను రసీదునూ, పన్ను తీసేసిన చీటీనీ అచ్చయిన ఈ కాగితంతోపాటు మీ ఆఫీసుకు పంపుతున్నాను. పన్ను వేయడానికీ తీసేయడానికీ ఉన్న మనిషి పింఛనుకు ఎట్లా లేకుండా పోయాడు? చందా మళ్లీ కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. నా తొమ్మిదేళ్లు కలుపుతారో కలపరో, నా ఒక్కడి పేరు మీద, వేరే కవరులో జవాబు రాయండి.