కంపెనీ కాలనీల వింత పక్షులు

మొన్న శుక్రవారం నా కొలువు పోయే అంచుదాక పోయి వచ్చింది. ఇప్పుడు మీతోని కూసొని చాయ్ తాగుతున్ననంటే అంత మా అడివి శాఖ పెద్దసారు, డీఎఫ్‌వో సార్ పుణ్యమే. నవ్వుడు తర్వాత, ముందు వినుండ్రి.

నాది బోనకల్, మీకు తెలుసు గదా. మిర్చి చేను చూపిస్తే ఏ తెగులో చెప్త. అడివి సంగతంటే మాత్రం ట్రైనింగ్‌ల చూపించిన బొమ్మలే. పాల్వంచ పక్కన ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గ జాయినై నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్ల నేను పట్టింది ఒక ఎడ్లబండి కట్టెలు, నన్ను పట్టింది చలిజ్వరం. ఏదన్న పెద్ద పని చేసి రేంజర్ సార్ కండ్లల్ల పడాలని మస్తు ఆశ.

శుక్రవారం పొద్దున సరోజక్క ఆఫీసుకు వచ్చింది. వాళ్లాయన ప్లాంట్‌ల ఆపరేటర్. అడివికి ఆనుకొని ఉన్న కంపెనీ కాలనీల చివరి లైన్ క్వార్టర్ వాళ్లది. నెలన్నర నుంచి అక్కడ నాలుగు వింత పక్షులు తిరుగుతున్నయట. పొద్దూకంగనే చెట్లెక్కి పండుకుంటయట, తెల్లారితే రోడ్డుకు అడ్డం నిలబడి స్కూల్ రిక్షాను ఆపుతయట. స్కూటర్ అద్దంల తమ మొకం చూసుకొని ముక్కుతోని పొడుస్తయట. నెమళ్లేమో అక్కా అన్న.

"నెమలిని నేను చూడలేదా తమ్మీ? వీటి మొకం చూస్తే ముద్ద దిగదు," అన్నది.

పోయి చూసిన. మూడు జర చిన్నగనే ఉన్నయి గని, ఒకటి మాత్రం మేకపిల్లంత ఉన్నది. నల్లటి ఒళ్లు. తలకాయ మీద, మెడ మీద ఒక్క ఈక లేదు, రాబందు లెక్క. ముక్కు మీదికెల్లి ఎర్రటి తోలు ఒకటి వేలాడుతున్నది. మొకం కాసేపు ఎర్రగ, కాసేపు నీలంగ అయితున్నది. నన్ను చూడంగనే ఒళ్లంత ఉబ్బించి తోకను విసనకర్ర లెక్క విప్పింది. ట్రైనింగ్ బొమ్మలన్ని మనసుల తిప్పి చూసిన, ఎక్కడ లేదు. ఇగ నాకు ఒక్కటే అర్థమైంది. ఇప్పటిదాక ఎవరు చూడని పక్షిని నేను చూసిన. పేపర్ల నా ఫోటో గూడ కండ్ల ముందు కనబడ్డది.

కాలనీ గేటు కాడ కాయిన్ బాక్స్ ఉంటే రేంజర్ సార్ సెల్‌కు ఫోన్ కొట్టిన. రాబందు తల, నెమలి తోక అని చెప్పిన. సార్ రెండుసార్లు మళ్ల చెప్పిచ్చుకున్నడు. తర్వాత, డీఎఫ్‌వో సార్ ఇయ్యాల భద్రాచలం పోతున్నడు, దారిల అటు తీసుకొస్త, అప్పటిదాక వాటిని ఎటూ పోనియ్యకు అన్నడు.

ఇగ నా హోదా చూడాలె. లైనుకు ఆ కొస నుంచి ఈ కొసకు తాడు కట్టిచ్చిన. ఎవరన్న రాయి విసిరితే కేసు అన్న. బట్టలు ఆరేసుకుందామని వచ్చిన సరోజక్కను గూడ ఇంట్లకు పంపిన. నోట్‌బుక్ తీసి రాసుకుంట ఒక్క అడుగు ముందుకు వేసిన. అంతే, ఆ పెద్దది గొడగొడమని అరుసుకుంట మీదికి వచ్చింది. అడివి పక్షిని కొట్టొద్దని రూలున్నది, దానికి భయపడి ఉరకొద్దని ఏ రూలు లేదు. ఉరికి నీళ్ల కుండీ గోడెక్కిన. అది కుండీ చుట్టు తిరుగుతున్నది, నేను గోడ మీద నిలబడి రాస్తున్న. డాబాల మీద జనం.

గప్పుడు యాదగిరన్న వచ్చిండు. ప్లాంట్‌ల పని, ఉండేది కాలనీకి అవతల బస్తీల. ఫస్ట్ షిఫ్ట్ దిగి సైకిల్ మీద పోతుంటే గుంపు చూసి ఇటు తిరిగిండు. పక్షులను చూసి ఆయన మొకం వెలిగిపోయింది. అవి ఆయనవేనట. చిన్న పిల్లలుగ ఉన్నప్పుడు వాటిని వైరా దిక్కు నుంచి తెచ్చి సాదితే, వానలకు దడి కూలి తప్పిపోయినయట, నక్కలు తిన్నయనుకున్నడట. నేను గోడ మీద నుంచే ఆయనకు చట్టం చెప్పిన. అడివి పక్షులను ఇంట్ల సాదితే జైలు, బెయిల్ గూడ రాదు అన్న. యాదగిరన్న నా యూనిఫాం దిక్కు చూసిండు.

"అట్లయితే నావి కావు సార్," అని సైకిలెక్కి పోయిండు.

అరగంట కాలేదు, ఆయన భార్య లచ్చమ్మ వచ్చింది. చేతిల తవుడు గిన్నె. నా దిక్కు చూడలే, చట్టం అడగలే. గంటెతోని గిన్నె మీద కొట్టి "బో, బో" అన్నది. నాలుగూ ఉరికొచ్చినయి. నన్ను గోడెక్కించిన ఆ పెద్దది పోయి ఆమె కొంగుల తల పెట్టింది.

"టర్కీ కోళ్లు బిడ్డా," అన్నది లచ్చమ్మ. "కోసుకొని తినేటివి. నువ్వెప్పుడు చూడలేదా?"

నేను జవాబు చెప్పే లోపలనే జీపు వచ్చి ఆగింది. గోడ మీదనే నిలబడి సెల్యూట్ కొట్టిన. డీఎఫ్‌వో సార్ మెడల కెమెరా వేసుకొని దిగిండు, ఎనక రేంజర్ సార్. డీఎఫ్‌వో సార్ కోళ్లను చూసిండు, తవుడు గిన్నెను చూసిండు, గోడ మీదున్న నన్ను చూసిండు. కెమెరాకు మూత పెట్టిండు. చెయ్యి చాపి నోట్‌బుక్ అడిగిండు. వంగి ఇచ్చిన. అందరు వినేటట్టు చదివిండు.

"తల రాబందు. తోక నెమలి. నడక సర్కిల్ ఇన్‌స్పెక్టర్."

రేంజర్ సార్ నేల చూపులు చూస్తున్నడు. ఇంటికి పోయి అమ్మకు ఏమని చెప్పాలె, మళ్ల మిర్చి చేన్ల పనికి పోవుడేనా అని నేను ఆలోచిస్తున్న. డీఎఫ్‌వో సార్ భుజాలు అదురుతున్నయి. కోపమేమో అనుకున్న. నవ్వుతున్నడు. నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. పేపరోళ్లకు చెప్పినవా అని అడిగిండు. లేదు సార్ అన్న. "బతికినం," అన్నడు. ఆ బతికినోళ్లల్ల నేను గూడ ఉన్ననని సమజైనంక గోడ దిగిన. పానం ఎంత నిమ్మళమైందో చెప్పలేను.

యాదగిరన్న మీద ఏ కేసు లేదని సారే లచ్చమ్మకు చెప్పిండు. కోళ్లను గంపల పెట్టి వాళ్లింటిదాక మోసింది మాత్రం నేను. దారిపొడుగుత ఆ పెద్దది గంపల నుంచి నా చెవి పొడుస్తనే ఉన్నది.

పోయే ముందు డీఎఫ్‌వో సార్ నన్ను జీపు కాడికి పిలిచి, కొలువు ఎక్కడికి పోదు, భయపడకు అన్నడు. "కని ఒక్కటి గుర్తు పెట్టుకో. కొత్త జీవి ఏది కనబడ్డా, ముందు దానికి ఓనర్ ఉన్నడేమో అడుగు."

ఆ మాట గట్టిగ పట్టుకున్న. నిన్న బీట్‌ల పోతుంటే దారికి అడ్డం ఎలుగుబంటి వచ్చింది. అబద్ధమెందుకు, ఉరికే ముందు ఓనర్ కోసం అటు ఇటు చూసిన.