శబరి దాటని సుభద్రక్క

మా చిన్నప్పుడు... కోంటలో వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరు చలిజ్వరంతో పడుకునేవారు. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. శబరి ఏటి ఒడ్డున మా నాయనకు ఉప్పు, కిరసనాయిలు అమ్మే దుకాణం ఉండేది.

ఆ ఏడు జ్వరం మా సుభద్రక్కను పట్టుకుని వదల్లేదు. ఒకరోజు వణుకు, మర్నాడు తెరిపి... పెళ్ళి కుదిరిన పిల్ల. గోళ్ళు తెల్లబడి, గడప దాకా నడిస్తేనే ఆయాసపడేది. ఎవరూ చూడకుండా గోడమట్టి గీరుకుని తినేది.

దుకాణానికి ఇప్పపువ్వు తెచ్చే దోర్ల తెగ ముత్తెమ్మ, అడవి నుంచి నేలవేము కోసుకొచ్చి కుండలో కషాయం కాచింది. ఆ చేదుకు అక్క కళ్ళలో నీళ్ళు తిరిగేవి... అయినా తాగేది. జ్వరం దిగింది. ఇక మునగాకు పెడితే రక్తం పడుతుందని అమ్మ ఆశపడింది.

అప్పుడే అక్కకు మూత్రం నల్లగా రావడం మొదలైంది. కళ్ళు పచ్చబడ్డాయి.

"ఏంది ముత్తెమ్మా, జరం తగ్గింది గదా?" అంది అమ్మ.

ముత్తెమ్మ అక్క కనురెప్ప కిందికి లాగి చూసింది.

"నా ఆకు జరం కాడికే పనిచేస్తదమ్మా. లోపల నెత్తురు ఇరిగిపోతాంది. దానికి మా తాన మందు లేదు. ఏరు దాటించి దవాఖానకు తీస్కపోండ్రి."

శబరి పొంగి ఉంది. మా ఒడ్డునే పెద్దాసుపత్రి ఉన్న జగదల్‌పూర్‌కు పోదామంటే దారి బురదలో బండి కదలదు. నాయన వెళ్ళి పడవవాడి వాకిట్లో కూర్చుని లేవలేదు... వరద కాస్త తీశాక అతను ఒప్పుకున్నాడు.

అక్కను దుప్పట్లో చుట్టి పడవలో పడుకోబెట్టారు. "నేనొచ్చేదాక నా జడకుచ్చులు నువ్వు పెట్టుకో చెల్లె" అంది నాతో. అమ్మ, నాయన ఆమె పక్కన కూర్చున్నారు.

నేను, ముత్తెమ్మ ఒడ్డున నిలబడి చూస్తున్నాం. పడవ ఏటి నడుమకు చేరకముందే మళ్ళీ మా వైపు తిరిగింది... ఎందుకో నాకు అర్థం కాలేదు. ముత్తెమ్మకు అర్థమైంది. నా తలను తన కడుపుకు అదుముకుంది. ఆమె ఒళ్ళు కదులుతుంటే, ఏడుస్తోందని తెలిసింది.

పెళ్ళికని కొన్న చీరతోనే అక్కను సాగనంపారు.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. వేలు గుచ్చి ఏ జ్వరమో చెబుతున్నారు. చెట్లలోంచి తీసిన మందును బిళ్ళలుగా ఇస్తున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి రక్తమిస్తున్నారు. అన్నీ వచ్చాయి... మా అక్క పోయాక.

మీ ఇళ్ళలోనూ చలిజ్వరానికి పోయినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకు ఫోటోలు కూడా ఉండవు... పేర్లైనా ఇక్కడ రాయండి.