నేనే కలిపినానన్న పిల్ల

పంతొమ్మిదివందల ఎనభై ఒకటిలో నన్ను చిత్తూరు టౌనులో ఒక స్టేషనుకు మహిళా కానిస్టేబులుగా వేసినారు. బడికి పోకుండా మా నాయన దగ్గరే చదువుకొని, ప్రైవేటుగా మెట్రిక్ కట్టినదాన్ని. ఆ ఉద్యోగం ఏడుకొండలస్వామి పెట్టిన భిక్ష అని ఇప్పటికీ అనుకుంటాను. ఆడమనిషిని స్టేషనుకు తెస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. నా పని ఎక్కువగా అదే, కనిపెట్టుకొని కూర్చోవడం.

ఆ ఏడు పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు దాటే పొద్దుల్లో, ఒక ఆదివారం పొద్దున పదిహేనేళ్ల సుగుణను తెచ్చినారు. ముందురోజు వాళ్ళింట్లో తళిగ. పెరటాసి శనివారాల్లో మా వైపు స్వామికి వండి ఆకులో పెట్టే నైవేద్యం అది. అందరికన్నా ముందు ఆ చక్కెర పొంగలి తిన్న వాళ్ళ నాయన వాంతులతో పెద్దాసుపత్రిలో పడినాడు. గన్నేరు పప్పు అన్నారు డాక్టరు.

సుగుణకు మంచిపేరు లేదు. రెండుసార్లు ఇల్లు విడిచి కాణిపాకం పోయింది. నాయన బెల్టుతో కొడితే ఆయన చొక్కాలన్నీ కత్తిరించి పెట్టింది. వాళ్ళమ్మ స్టేషను గడపలోనే నిలబడి, "దీని బుద్ధి మీకు తెలీదు సార్. ఎంతకైనా తెగిస్తాది" అన్నది. పిల్ల తలెత్తకుండా, "నేనే కలిపినా" అన్నది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అందుకని మరుసటిరోజు మేజిస్ట్రేటు ముందు చెప్పించాలని ఎస్సై గారు నిశ్చయించినారు. అక్కడా అదే మాటంటే ఆ పిల్లకు ఇల్లూ బడీ అంతటితో సరి.

నాకు మనసు ఒప్పలేదు. తల్లి ఒక్కసారైనా "ఎందుకు చేసినావే" అని అడగలేదు.

మధ్యాహ్నం తిరుమల లడ్డు తునక ఇయ్యబోతే సుగుణ వెనక్కి జరిగింది.

"వద్దక్కా. బయటుండా. రేపు తలకు పోసుకోవాల."

నాలుగోరోజు తలస్నానమంటే, శనివారం కూడా ముట్టులోనే ఉండింది. తళిగ వండే ఇంట్లో అట్లాంటి పిల్లను వంటింటి గడప తొక్కనిస్తారా?

"మరి పొంగలిలో ఎట్ల కలిపినావే?" అని అడిగినాను.

మొహం గోడవైపు తిప్పుకున్నది. తర్వాత, "నన్నే జైలుకు పంపీండి, సాలు. అమ్మ పోతే తమ్ముడికి ఎవురు సోరు పెడతారు? నేను పోతే ఎవురికేం?" అన్నది.

ఎస్సై గారితో చెప్పినాను. ఆయన కొట్టిపారేయలేదు. "ఈ సంగతి నేనెట్ల అడిగేదమ్మా? నువ్వే పొయ్యి రా" అన్నారు.

ఆ ఇంట్లో సుగుణ జేజి ఉండింది, తండ్రిని కన్నతల్లి. శనివారం పిల్ల యాడుండిందని అడిగితే ఆమెకు పౌరుషమొచ్చింది.

"పెరట్లో రేకుల కింద కూసోబెట్టినా. దాని నీడైనా పడనిస్తానా? నా కోడలొకతే మడి కట్టుకొని వండింది!"

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

మొగుడి బెల్టు దెబ్బలకు తాళలేక తానే కలిపినానని సాయంత్రానికి సుగుణ తల్లి చెప్పింది. మొగుడు బతికినాడు, మేజిస్ట్రేటు ముందూ అదే చెప్పి ఆమె జైలుకు పోయింది. కొన్నాళ్లకు సుగుణ తమ్ముడితో బస్టాండులో కనిపించింది. "నువ్వు ఆ పొద్దు లడ్డు ఇయ్యకుంటే బాగుండునక్కా" అని బస్సెక్కింది.

నా మాట విన్న ఎస్సై గారికి నేను ఋణపడి ఉండాను. కాదన్నవాళ్ళను ఎట్లా అనుమానిస్తామో, అవునన్నవాళ్ళనూ అట్లే అనుమానించాలని ఆ కేసులో నేర్చుకున్నాను. నిజం తేల్చినందుకు ఎవరైనా మెచ్చుకోవాలని మాత్రం ఆ తర్వాత ఎదురుచూడలేదు.