బంద్ రోజున నడిచిన ట్రాక్టర్

మొన్న అల్మాస్‌గూడలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు మొక్కలకని గొర్రెల ఎరువు బస్తాలు దించారు. ముసురు పట్టిన రోజు. బస్తాలు తడిసి, వాసన మూడో అంతస్తు దాకా ఎక్కింది. వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పక్క ఫ్లాటాయన ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని లిఫ్టు దిగి, నన్ను చూసి ఆగిపోయాడు. నేను ఆ బస్తాల పక్కన నిలబడి గుండెల నిండా పీలుస్తున్నాను మరి. "ఏమండీ, బాగానే ఉన్నారా?" అన్నాడు. ఏం చెప్పను! నా మొదటి ఉద్యోగం వాసన అది. ఇంకా చెప్పాలంటే మా నర్సయ్య సారు వాసన. ఈ మాట ఆయన వింటే "గంత కంపు కొడ్తున్ననా బిడ్డా?" అని నవ్వేవారు.

నర్సయ్య సారు నల్గొండ జిల్లా పల్లెల్లో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చోలేక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన రెండు గదులు కిరాయికి తీసుకుని, రైతులకు సాగు ప్రణాళిక వేసిచ్చే సాఫ్ట్‌వేర్ తయారు చేయిస్తుండేవారు. ఏ మడిలో ఏ రోజు ఏ ఎరువు ఎంత పడిందో ఎక్కిస్తే, ఇంకా ఎంత యూరియా వేయాలో అది లెక్కగట్టి కాయితం మీద అచ్చేసి ఇస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసేదాన్నీ నేనే, అందులో వివరాలు ఎక్కించేదాన్నీ నేనే. తెనాలిలో పుట్టి పెరిగానన్న మాటే గానీ, అప్పటిదాకా పొలం గట్టు ఎక్కి ఎరగను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. టీవీలో ఏ చౌరస్తాలో టైరు కాలినా తెనాలి నుంచి మా నాన్న ఫోను. "ఆ గొడవల్లో నీకెందుకే, వచ్చెయ్!" చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. మూడు నెలల్లో ఉద్యోగం ఖాయమైతే హైదరాబాద్‌లో ఉంటాను, కాకపోతే నోరు మూసుకుని పెట్టె సర్దుకుంటాను. సారు కూడా నాకొక పరీక్ష పెట్టారు. తుర్కయంజాల్‌లో సత్తెమ్మ అనే రైతుకి నాలుగెకరాల కూరగాయల తోట ఉంది. ఆ తోటకి మూడు నెలల ఎరువుల రికార్డు నేను సరిగ్గా తయారు చెయ్యాలి. వారానికోసారి సాగర్ రోడ్డు బస్సెక్కి వెళ్లి, కళ్లతో చూసి, రాసుకురావాలి. అది బాగుంటే ఉద్యోగం ఖాయం.

మొదటి వారమే నా సాఫ్ట్‌వేర్ బోర్లాపడింది. "ఈ వారం ఏం ఎరువు వేశారమ్మా?" అని అడిగితే సత్తెమ్మ, "గొర్ల మంద పెట్టిచ్చిన" అంది. అంటే గొర్రెల కాపరిని పిలిచి, మందని మూడు రాత్రులు ఆ చేలో పడుకోబెట్టించిందట. అవి పడుకుని లేచి వెళితే మిగిలేదే ఎరువు. నా దగ్గరేమో కిలోలకి ఒక గడి, బస్తాలకి ఒక గడి ఉన్నాయి. తెల్లమొహం వేసుకుని ఆఫీసుకొస్తే సారు పడీ పడీ నవ్వారు. "ఇగో బిడ్డా, గొర్రెలు నీ కంప్యూటర్‌ను అడిగి పండుకోవు. గడి నువ్వే కట్టాలె" అన్నారు. ఎన్ని గొర్రెలు, ఎన్ని రాత్రులు అని అడిగే గడి ఆ రోజే కట్టాను. ఎంసీఏలో ఇది మాకెవరూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఒక బంద్ రోజు పొద్దున్నే మా లేడీస్ హాస్టల్ గేటు దగ్గర సారు స్కూటర్ ఆగింది. చేతిలో టిఫిన్ డబ్బా. "ఇయ్యాల మీ మెస్సు బందుంటది. మీ అమ్మ జొన్న రొట్టెలు చేసిచ్చింది, తిను. బయటికి రాకు. నేను పోయి బంద్ చేసొస్తా" అని, మెడలో గులాబీ కండువా సర్దుకుని వెళ్లిపోయారు. 'మీ అమ్మ' అంటే ఆయన భార్య. మావైపు మనుషులకి వ్యతిరేకంగా ధర్నాకి పోతూ మావైపు పిల్లకి రొట్టెలిచ్చి పోయే మనిషిని ఏమనాలో నాకు పాలుపోలేదు. రొట్టెలు మాత్రం తినేశాను.

ఆ వారం తుర్కయంజాల్ వెళ్లాల్సింది ఆ రోజే. బస్సుల్లేవు. తర్వాత వెళ్లొచ్చుగా? బద్ధకం! సత్తెమ్మ ఫోను కొట్టంలో వేలాడదీసి ఎక్కడికో పోతుంది, ఎత్తదు. ఆ తేదీ దగ్గర గడి ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఎర్రగా మెరుస్తుంది, సేవ్ కానివ్వదు. ఆ ఏర్పాటు చేసిన మహాతల్లిని నేనే. గడువు దగ్గర పడుతోంది, మూడు వారాల్లో నాన్న వస్తున్నాడు. ఏమైతే అయిందని ఎక్కించేశాను: 'పశువుల ఎరువు, ఆరు ట్రాక్టర్లు, హయత్‌నగర్ డెయిరీ నుంచి.' నిజంలా కనబడాలని 'ఉదయం పదకొండు గంటలకు' అని కూడా చేర్చాను. తెలివి!

పది రోజుల తర్వాత సారు అచ్చు కాయితాలు ముందేసుకుని, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగారు.

"హయత్‌నగర్ నుంచి తుర్కయంజాల్ పోవాలంటె ట్రాక్టర్ ఎట్ల పోతది బిడ్డా?"

"ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా సార్."

"గా దినం పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాంక గా చౌరస్తాల సడక్‌కు అడ్డంగ కూసున్నది ఎవరు?"

నేను ఆ వరుసలో తేదీ చూశాను. బంద్ రోజు!

"నేనే! ఒక్కటి గాదు, ఆరు ట్రాక్టర్లు. నా మీదికెల్లి పోయినయా? నాకు తెలుస్తుండె గద!"

ఆయన పకపకా నవ్వారు. "నేనే రాశాను సార్, అబద్ధం" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆరు ట్రాక్టర్ల ఎరువు పడ్డదని నమ్మి నీ కంప్యూటర్ యూరియా తగ్గిస్తది. సత్తెమ్మ కాయిదం నమ్మి తక్కువేస్తది. తోట పసుపెక్కితె ఆమెకేం చెప్తవ్?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తన స్కూటర్ మీద స్వయంగా తీసుకెళ్లారు. ఆ వారం ఎరువు ఏమైనా వేశావా అని సత్తెమ్మని అడిగాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు ఆలోచించింది. "ఏసినట్టే ఉన్నది. మా తమ్ముడు బండి తోలిండు. గా వారమా, దానెనుక వారమా? యాదికి లేదు బిడ్డా."

"పోనీ, సుమారుగా చెప్పమ్మా" అని బతిమాలాను.

"సుమారు ఎందుకు? యాదికి లేదన్నది గద, గదే రాయి" అన్నారు సారు.

"సాఫ్ట్‌వేర్ తీసుకోదు సార్."

"తీస్కునేటట్టు చెయ్యి. నువ్వు రాసిందే గద, బ్రహ్మ రాసిందా?"

వారం రోజులు ఆ చేలో తిరిగాను. మిగిలిపోయిన కుప్పలు కొలిచాను, సత్తెమ్మ తమ్ముణ్ణి వెతికి పట్టుకుని అడిగాను. మూడు నెలల రికార్డంతా మొదటి నుంచి సరిచూశాను. ప్రతి గడి కిందా 'తెలియదు' అని ఒక మీట చేర్చాను. తీరా చూస్తే నా గొప్ప రికార్డులో తొమ్మిది చోట్ల తెలియదే.

అనుకున్న రోజుకి నాన్న దిగాడు. సాయంత్రం బస్సుకి రెండు టికెట్లు జేబులో పెట్టుకునే వచ్చాడు. ఆఫీసు ప్లాస్టిక్ కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. సారు టీ తెప్పించి, స్వహస్తాలతో రాసిన ఉత్తరం నాన్న చేతికే ఇచ్చారు. నేను వెనక నుంచి తొంగి చదివాను.

'ఈ అమ్మాయి ఒకసారి అబద్ధం రాసింది. అడగగానే ఒప్పుకుంది. వారం రోజులు పొలంలో తిరిగి దిద్దింది. ఇక ముందు అబద్ధం రాస్తుందో రాయదో తెలియదు. ఉద్యోగం ఖాయం చేస్తున్నాను.'

నాన్న మొహం ఎర్రబడింది. "ఇదేంటండీ? తెలియదు అని రాశారు?"

"తెల్వది గద సార్. తెల్సినట్టు రాస్తె, మీ బిడ్డ రాసిన ట్రాక్టర్ల లెక్కనే ఐతది."

నాన్న ఉత్తరాన్ని రెండోసారి చదివాడు. నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. "ఒక టికెట్ వెనక్కి ఇచ్చెయ్యాలి. బస్టాండుకి ఎటెళ్లాలండీ?" అన్నాడు నాన్న. సారు స్కూటర్ తాళం తీశారు.

ఆ తర్వాత మూడు కంపెనీలు మారాను. సారు ఎల్బీనగర్‌లో మంచాన పడ్డారని తెలిసి కూడా రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను. పోయాకే వెళ్లాను. "యాడాది నుంచి నిన్ను తలుస్తనే ఉండె. ఎందుకు రాలేదు బిడ్డా?" అని అడిగింది ఆ జొన్న రొట్టెల అమ్మ. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల పరీక్షలు అన్నీ నోటిదాకా వచ్చాయి. మా ఇంటి నుంచి వాళ్లింటికి అరగంట దారి కూడా లేదు.

"రాగలిగేదాన్నే అమ్మా. కానీ రాలేదు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "సారు ఉంటే నీ నౌకరి మళ్ల ఖాయం జేసేటోడు" అంది. అప్పుడు ఏడ్చాను.