ఎర్ర మఫ్లర్

ఐర్లండ్‌లోని డ్రోహెడా ఆసుపత్రిలో నాతో పనిచేసిన డాక్టరుగారిది గుంటూరు. ఓ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రంతా ఆయనకి కంఠతా వచ్చు. ఏ ఏడు ఏ కప్పు గెలిచారో, ఫైనల్లో గోల్ ఎవరు కొట్టారో క్యాంటీన్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఐరిష్ డాక్టర్లు చుట్టూ మూగేవారు. ఆయన మాత్రం ఒక్క మ్యాచ్ కూడా చూసిన మనిషి కాదు.

"పీజీ ఎంట్రన్స్‌కి చదివినట్టు చదివానయ్యా," అన్నారు నాతో ఒకసారి, నవ్వకుండా. "ఈ దేశం వచ్చిన మొదటి ఏడాదంతా క్యాంటీన్‌లో ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను మరి."

పోయిన చలికాలం గుండెపోటుతో పోయారు. పోయినవాళ్లకి ఇష్టమైన వస్తువేదైనా చర్చిలో శవపేటిక దగ్గర పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. తోటి డాక్టర్లు ఆ క్లబ్బు ఎర్ర మఫ్లర్ తెచ్చి పేటిక మీద కప్పారు. వాళ్లలో ఒకాయన కళ్లు తుడుచుకుంటూ మైకు ముందు మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ ఆ కప్పులే, ఆ గోల్సే.

ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ పెడితే ఆయన లేచి వెళ్లిపోయేవారు. వీళ్లంతా ఎవరి కోసం ఏడుస్తున్నారు తమ్ముడూ?"