ఎర్ర చీటీ తొట్ల కోసం ప్రార్థన

ఆ రోజుల్లో కెనడాలో దిగే ప్రతి విమానంలోనూ సగం మంది మన పిల్లలే అన్నట్టుండేది. అందరూ కంప్యూటర్ చదువులకు మిస్సిసాగా నగరం వైపు వెళ్తుంటే, నేను మాత్రం చేపల జబ్బులు చదవడానికి అట్లాంటిక్ ఒడ్డునున్న ఒక చలి ఊరు చేరాను. (భీమవరంలో చేపల్లేవా అని మా మేనత్త అడిగింది. ఉన్నాయి గాని, ఈ చేప లేదు.) సముద్రంలో వలలు కట్టి పెంచే సాల్మన్ల ఒంటికి పేలు పడతాయి. వాటిని ఏరి తినడానికి ఇంకో జాతి చేపను పెంచి అదే వలలోకి వదులుతారు. బొండంలా గుండ్రంగా ఉంటుంది. పొట్ట కింద రబ్బరు బిళ్ళలాంటి దానితో తొట్టి గోడకు అతుక్కుని, మనల్నే చూస్తుంటుంది. ఊరందరి పేలు ఏరే ఈ చేపకే బ్యాక్టీరియా జబ్బు తగిలితే గుంపులుగా పోతుంది. దానికి టీకా పనిచేస్తుందో లేదో తేల్చడం నా థీసిస్.

పచ్చ చీటీ అంటించిన తొట్లలో చేపలకు టీకా వేశాను. ఎర్ర చీటీ తొట్లలో వాటికి వేయలేదు. తర్వాత అన్నిటికీ జబ్బు అంటించాను. ఎర్రవి జబ్బు పడాలి, పచ్చవి నిలబడాలి. అలా జరగకపోతే ఇంకో సెమిస్టరు. ఈలోగా వీసా గడువు అయిపోతుంది. ఆ దిగులుతోనే, అక్కడి తెలుగువాళ్ళం శనివారాలు కలిసే వీడియో ప్రార్థనలో కూర్చున్నాను. దాన్ని నడిపేది ఆ ఊళ్ళో ఎప్పుడో స్థిరపడిన పెద్దావిడ, మా అందరికీ మిస్సిసాగా ఆంటీ. అందరూ వర్క్ పర్మిట్, డ్రైవింగ్ టెస్ట్ అని అడుగుతుంటే, నేను నా చేపలకు జబ్బు తగిలించిన సంగతి చెప్పాను. "అయ్యో, మూగజీవాలు!" అని ఆంటీ వెంటనే కళ్ళు మూసుకుంది. "ఆ తొట్లలో ఒక్క చేపకైనా హాని రానియ్యకు తండ్రీ!" ఆమేన్ అన్నవాళ్ళలో నా గొంతే పెద్దది.

ఒక్క చేపకూ ఏమీ కాలేదు. ఎర్ర తొట్లవి పచ్చవాటికంటే ఎక్కువ తింటున్నాయి. మా గైడ్ తల గోక్కున్నాడు. నేను ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఆ ప్రార్థన కొంచెం మార్చాలి."

"ఏం, ఎక్కువైందా వాటికి?"

"బాగున్నాయాంటీ, అదే బాధ. పచ్చ చీటీ తొట్లకే చెయ్యండి. ఎర్రవాటిని వదిలెయ్యండి."

"అంటే, చేపలు చావాలని నేను మోకాళ్ళ మీద అడగాలా? ఏం చదువే నీది!"

"చావక్కర్లేదాంటీ, జబ్బు పడితే చాలు."

"ప్రార్థనకి చీటీలు అంటించరమ్మా. ముందు వెళ్ళి ఆ నీళ్ళూ అవీ సరిగ్గా చూసుకో."

చూశాం. నీళ్ళు చల్లబరిచే మెషీన్‌లో పాత ప్రయోగానికి పెట్టిన చలి అలాగే ఉండిపోయింది. ఆ చలికి బ్యాక్టీరియా ముడుచుకుని కూర్చుంది. సరిచేసి, మళ్ళీ జబ్బు అంటించాం. కొన్నాళ్ళకు ఎర్ర తొట్టిలో ఒక చేప గోడను వదిలేసి అడుక్కి జారింది. "పడింది!" అని చప్పట్లు కొట్టాను. అది అడుగు నుంచి కూడా నన్నే చూస్తోంది. నా చేతులు ఆగిపోయాయి. జబ్బు ముదరకముందే మత్తిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాలని నియమం. ఆ పనీ నాదే.

పచ్చవి నిలబడ్డాయి, థీసిస్ గట్టెక్కింది. మెషీన్ సంగతి చెబితే ఆంటీ తొణకలేదు. "మరి అంత చల్లగా ఉంచిందెవరనుకున్నావ్?" (దీనికి థీసిస్‌లో జవాబు రాయలేదు.)

ఇప్పుడు ప్రార్థన నడిపేది నేనే. ఎవరికి, ఏ జబ్బు, ఏ మందు అని విడమరిచి చెప్పించుకుంటానని కుర్రకారు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. అందరి పేర్లూ అయ్యాక, ఎవరికీ వినపడకుండా, ఏ మందూ అందని ఎర్ర చీటీవాళ్ళను కూడా కలుపుతాను.