రూతు చెయ్యెత్తింది

ఇంటికొచ్చి రెండు గంటలైంది. చిరిగిన చీర ఇంకా మార్చుకోలేదు.

నేను గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఈ రోజు ల్యాబులో డీజిల్ ఇంజన్ నడిపి, అది ఎంత డీజిల్ తాగి ఎంత పని చేస్తోందో పిల్లలకు చూపిస్తున్నాను. ఉక్కగా ఉందని చీర మీద ల్యాబు కోటు వేసుకోలేదు. స్టాప్‌వాచ్ పట్టుకుని, గాజు గొట్టంలో దిగుతున్న డీజిల్ వైపు వంగాను.

ఎదురుగా నిలబడ్డ పిల్లల్లోంచి రూతు చెయ్యెత్తింది.

"ఉండమ్మా, రీడింగ్ అయ్యాక అడుగు," అన్నాను.

చెయ్యి దించలేదు. ముఖం పాలిపోయింది. నాకు విసుగొచ్చింది. అంతలో "మేడం, కొంగూ!" అని ల్యాబు అదిరిపోయేలా అరిచి, నా భుజం పట్టుకుని ఇవతలికి లాగేసింది. వెనక తిరుగుతున్న ఇంజన్ పెద్ద చక్రం, ఫ్లైవీల్, నా కొంగు అంచును పరపరా చింపుకుపోయింది.

ఇంజన్ ఆపాక, "ముందే అరవొచ్చు కదే!" అన్నాను.

"పోయిన వారం ఇంటర్వ్యూ క్లాసులో మీరే అన్నారు కదండీ... ఇదేం మిరపచేను కాదు, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆగాలని."

నిజమే, రూతు మధ్యలో గట్టిగా అందుకుంటే నేనే అలా అన్నాను. ఆ రోజు క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మిరపకోతల్లో చేను ఆ చివర ఉన్న తల్లిని పిలిచే గొంతు రూతుది.

మర్యాద నేర్పే మాస్టార్లూ, ఎప్పుడు ఆగకూడదో కూడా మీ పిల్లలకు చెప్పారా? నేను చెప్పలేదు. అయినా ఆ పిల్ల అరిచింది.